నేలలో కర్బనం పెంచితే యూరియా మానేయొచ్చా? ఒక మొక్కజొన్న రైతు ప్రశ్నకు నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో 4 ఎకరాల చల్కా (తేలికపాటి ఎర్ర ఇసుక) నేల. వానకాలం మొక్కజొన్న, బోరు కింద 2 ఎకరాల్లో యాసంగి వేరుశనగ. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకులు, వేళ్లు, పశువుల పెంట నుంచి నేలలో నిలిచేది) 0.34 శాతం, నత్రజని హెక్టారుకు 168 కిలోలు, రెండింటికీ ఎదురుగా ‘తక్కువ’ అని రాశారు. ఎకరానికి 5 బస్తాల యూరియా, ఒక బస్తా డీఏపీ వేస్తున్నా 22–24 క్వింటాళ్లు దాటడం లేదు. ఒకాయన ‘యూరియానే మీ కర్బనాన్ని తినేసింది, పూర్తిగా మానేయండి’ అన్నారు. మందుల షాపులో ‘కర్బనం పెంచుతుంది’ అంటూ హ్యూమిక్ యాసిడ్ డబ్బా చేతిలో పెట్టారు. ఎవరి మాట వినాలి, కర్బనం పెరిగితే దిగుబడి నిజంగా పెరుగుతుందా, ఎన్నేళ్లు పడుతుంది అని అడిగారు.

నేను 30 ఏళ్లకు పైగా మట్టి పరీక్షల పనిలోనే ఉన్నాను. పాలమూరు చల్కాలు నాకు బాగా తెలిసిన నేలలు. ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను.

కర్బనం పెరిగితే దిగుబడి పెరుగుతుంది. కానీ యూరియా ఒక్కసారిగా మానేస్తే కర్బనం పెరగదు, ఉన్నది కూడా తగ్గుతుంది. 5 బస్తాల్లో ఒకటి ఈ ఏడే తగ్గించండి, నష్టం ఉండదు. ఇంకొకటి మూడు నాలుగేళ్లలో, నేను కింద చెప్పే పనులు చేస్తేనే. 0.34 నుంచి 0.5కి చేరడం మీ నేలలో దాదాపు పదేళ్ల పని. హ్యూమిక్ డబ్బా వద్దు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎకరం భూమిలో పైన 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది. అందులో 0.34 శాతం అంటే 3,000 కిలోల పైచిలుకు కర్బనం. నేలలో ఉండే సేంద్రియ పదార్థంలో ప్రతి 10–12 కిలోల కర్బనానికి ఒక కిలో నత్రజని ఉంటుంది. ఈ నిష్పత్తి పెద్దగా మారదు. అంటే మీ ఎకరంలో పైపొరలో 280 కిలోల దాకా నత్రజని సేంద్రియ రూపంలో దాగి ఉంది. అందులో ఏడాదికి 2–3 శాతమే కరిగి పంటకు అందే రూపంలోకి వస్తుంది. అంటే 6–8 కిలోలు, యూరియా లెక్కలో అర బస్తా కూడా కాదు.

కర్బనం 0.5 శాతానికి చేరిందనుకోండి. ఇదే లెక్కన నేల ఏడాదికి ఇచ్చే నత్రజని 8–12 కిలోలు అవుతుంది, అంటే ఇప్పటికంటే ఎక్కువయ్యేది 3–4 కిలోలు మాత్రమే. కొత్తగా చేరిన కర్బనం పాతదానికంటే త్వరగా కరుగుతుంది కాబట్టి ఇంకో రెండు మూడు కిలోలు కలుపుకోవచ్చు. 24 క్వింటాళ్ల మొక్కజొన్న గింజకు, చొప్పకు కలిపి 50–60 కిలోల నత్రజని కావాలి. కర్బనం పెరిగితే యూరియా అక్కర్లేదు అనే మాట ఈ అంకెల ముందు నిలబడదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. దాన్ని చాలామంది చెప్పరు. కర్బనం 0.16 శాతం పెరగాలంటే ఎకరానికి దాదాపు 1,450 కిలోల కర్బనం నేలలో నిలవాలి. దానితో పాటు 120 కిలోలకు పైగా నత్రజని కూడా నేలలో కుదురుకోవాలి. ఆ నత్రజని, గాలి నుంచి దాన్ని పట్టే కంది వేళ్ల బుడిపెల నుంచి రావచ్చు, పెంట నుంచి రావచ్చు, యూరియా నుంచీ రావచ్చు. అది లేకుండా కర్బనం మాత్రమే వచ్చి కూర్చోదు. నత్రజని కర్బనానికి శత్రువు కాదు, దాన్ని కట్టే ఇటుక. వృథాగా పోయే నత్రజనితోనే గొడవ.

యూరియా కర్బనాన్ని తింటుందన్న మాట గాలిలోంచి పుట్టింది కాదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1876 నుంచి సాగుతున్న మారో ప్లాట్లు అనే ప్రయోగ మళ్లు ఉన్నాయి. ఖాన్, ముల్వనీ, వారి సహచరులు ఆ ప్లాట్ల లెక్కలు తీసి, దశాబ్దాల పాటు ఎక్కువ నత్రజని వేసినా కర్బనం తగ్గిందని 2007లో రాశారు. ఇంగ్లాండ్‌లోని రోథమ్‌స్టెడ్ శాస్త్రవేత్తలు ఈ వాదనతో ఏకీభవించలేదు. వాళ్ల బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం 1843లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ ఏ ఎరువూ వేయని మడి కంటే నత్రజని ఎరువు వేసిన మళ్లలో కర్బనం కొంచెం ఎక్కువే ఉంది. కారణం తేలికైనదే. పైరు బలంగా పెరిగితే వేళ్లూ మోళ్లూ ఎక్కువ మిగులుతాయి. ఏటా పశువుల ఎరువు వేసిన మడిలో మాత్రం కర్బనం రెట్టింపు దాటింది. అయితే వాళ్లు వేసింది హెక్టారుకు ఏటా 35 టన్నులు, అంటే ఎకరానికి 14 టన్నులు. మీ ఊళ్లో అంత పెంట ఎవరి దగ్గరుంది?

ఇంగ్లాండ్ సంగతి అలా ఉంచి మన దగ్గర జరిగింది చూద్దాం. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ)లో 1976 నుంచి ఒక నల్లరేగడి వాటర్‌షెడ్‌లో రెండు పద్ధతులు పక్కపక్కనే నడిపారు. ఒకవైపు పాత పద్ధతి: వానకాలం బీడు, యాసంగిలో జొన్న లేదా శనగ, రెండేళ్లకోసారి హెక్టారుకు 10 టన్నుల పశువుల ఎరువు. మరోవైపు వెడల్పు మళ్లు, కాలువలు తీసి వానకాలమే పంట, కందితో అంతర పంట, మితంగా నత్రజని, భాస్వరం. సుహాస్ వాని బృందం 24 ఏళ్ల తర్వాత లెక్క తీస్తే కొత్త పద్ధతిలో గింజ దిగుబడి దాదాపు 5 రెట్లు ఉంది. కర్బనం కూడా హెక్టారుకు 7.3 టన్నులు ఎక్కువ చేరింది. గమనించండి, పశువుల ఎరువు పడింది పాత పద్ధతి మడిలో, కర్బనం పెరిగింది కొత్త పద్ధతి మడిలో. వానకాలం నేల ఖాళీగా లేకపోవడం, కంది ఆకు రాలడం, లోతుకు పోయిన వేళ్లు, ఇవే అక్కడ కర్బనాన్ని తెచ్చాయి. నేను ఎవరికైనా మొదట చెప్పే మాట ఇదే: కర్బనం ట్రాక్టర్ మీద వచ్చేది కొంత, చేలో పండేది ఎక్కువ.

మీ నేలకు ఇంకా దగ్గరి ప్రయోగం అనంతపురంలో జరిగింది. ఎర్ర నేల, వానాధారం, వేరుశనగ, 20 ఏళ్లు. చెరుకుమల్లి శ్రీనివాసరావు గారు, వారి సహచరులు చేసిన ఆ పనిని మన మెట్ట రైతులందరూ తెలుసుకోవాలి. అక్కడ తేలింది ఏమిటంటే కర్బనం పెరగడానికి కాదు, ఉన్నది ఉన్నట్టు నిలవడానికే ఏటా హెక్టారుకు సుమారు 1.1 టన్నుల కర్బనం నేలకు తిరిగి చేరాలి. ఎకరానికి ఎండు పంట చెత్త లెక్కలో టన్నుకు పైనే. చొప్ప పశువులకు పోయి, మిగిలింది కాల్చేస్తే ఏడాదికేడాది మనం అసలులోంచి తింటున్నట్టే. ఆ ప్రయోగంలో అన్నిటికంటే ఎక్కువ కర్బనం నిలిచింది సగం మోతాదు రసాయన ఎరువు, దానితో హెక్టారుకు 4 టన్నుల వేరుశనగ పొట్టు వేసిన మడిలో. పూర్తి రసాయనమూ కాదు, పూర్తి సేంద్రియమూ కాదు.

దిగుబడి ఎంత పెరుగుతుందన్న దానికి కూడా ఆ శాస్త్రవేత్తల దగ్గర అంకె ఉంది. వేర్లు పోయే లోతులో కర్బనం హెక్టారుకు ఒక టన్ను పెరిగితే గింజ దిగుబడి సజ్జలో 170 కిలోలు, రాగిలో 101, జొన్నలో 90, వేరుశనగలో 13 కిలోలు పెరిగింది. వేరుశనగకు అంత తక్కువ ఎందుకంటే, నా అర్థంలో, దానికి కావలసిన నత్రజని అది గాలి నుంచే తెచ్చుకుంటుంది. మొక్కజొన్నకు జొన్న అంకె నేరుగా సరిపోదు కానీ దగ్గరి కొలత అనుకోండి. మీ నేల 0.5కి చేరితే హెక్టారుకు 3.6 టన్నుల కర్బనం పెరిగినట్టు. ఆ లెక్కన ఎకరానికి క్వింటాలు, క్వింటాలున్నర వస్తుంది. ప్రతి ఏటా, ఖర్చు లేకుండా. తక్కువేం కాదు. అయితే 24 నుంచి 35కి దూకడం కర్బనం ఒక్కదాని వల్ల జరగదు. మిగతాది యూరియా వేసే తీరు మార్చడం వల్ల, వాన నీరు ఇంకడం వల్ల రావాలి.

నీటి గురించి ఒక దిద్దుబాటు అవసరం. కర్బనం ఒక శాతం పెరిగితే ఎకరంలో లక్షల లీటర్లు నిలుస్తాయని పోస్టర్లు తిరుగుతుంటాయి. నమ్మకండి. ప్రపంచవ్యాప్తంగా కొలతలన్నీ కూడగట్టి మినాస్నీ, మెక్‌బ్రాట్నీ 2018లో తేల్చింది ఏమిటంటే, 1 శాతం కర్బనం పెరిగినా 10 సెంటీమీటర్ల మట్టిలో మొక్కకు అందే నీరు సగటున 1.2 మిల్లీమీటర్ల లోపే పెరుగుతుంది. మన చల్కాలో అసలు లాభం వేరే చోట ఉంది. జూన్‌లో గట్టి వాన పడ్డ మూడో రోజు మీ చేలోకి వెళ్లి చూడండి. పైన పెంకులా పెచ్చు కట్టి ఉంటుంది. వేలితో లేపితే అప్పడంలా విరుగుతుంది, దాని కింద మొలక వంగి తెల్లగా కనిపిస్తుంది. తర్వాతి వాన ఆ పెచ్చు మీద నుంచే వాగులోకి పోతుంది, మీరు పైన చల్లిన యూరియాను కూడా తీసుకుపోతుంది. చెత్త కలిసిన నేలలో, పైన చొప్ప ముక్కలు పరిచిన నేలలో ఆ పెచ్చు కట్టదు. వాన పడ్డచోటే ఇంకుతుంది. మెట్ట పంటకు ఇదే పెద్ద లాభం. కార్డులో 0.34 కాస్తా 0.36 అయ్యేలోపే, మొదటి రెండేళ్లలోనే ఇది కనిపిస్తుంది.

2 శాతం లక్ష్యం మనది కాదు. ఎమిలీ ఓల్డ్‌ఫీల్డ్ బృందం 2019లో ప్రపంచమంతటా మొక్కజొన్న, గోధుమ దిగుబడులను నేల కర్బనంతో కలిపి చూసి, కర్బనం దాదాపు 2 శాతానికి చేరేదాకా దిగుబడి పెరుగుతూ పోయి ఆ తర్వాత నిలిచిపోతుందని చెప్పింది. ఆ అంకె చూసి మన రైతులు నిరాశపడటం నాకు బాధనిపిస్తుంది. చలి దేశాల్లో కర్బనం మెల్లగా కరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే కరిగే వేగం సుమారు రెట్టింపవుతుంది. పైగా మీ చల్కాలో బంకమన్ను తక్కువ, కర్బనాన్ని పట్టి దాచే బలం దానికి అంతగా లేదు. 0.34 దగ్గర ఉన్నవాళ్లకు 0.5 పెద్ద గెలుపే. కర్బనంతో పాటు దిగుబడి పెరిగే గీత నిటారుగా ఉండేది కింది భాగంలోనే, అంటే మీరు చేర్చే ప్రతి కిలోకూ ఎక్కువ ఫలితం వచ్చే చోటే మీరున్నారు.

ఇక హ్యూమిక్ డబ్బా. 12 శాతం అని రాసి ఉన్న లీటరు డబ్బాలో హ్యూమిక్ పదార్థం 120 గ్రాములు, అందులో కర్బనం 65 గ్రాములు. మీ ఎకరంలో 0.1 శాతం పెరగడానికి కావలసింది 900 కిలోలు. వేళ్లకు కాస్త ఊపు ఇస్తే ఇవ్వొచ్చు, ‘కర్బనం పెంచుతుంది’ అని అమ్మడం మాత్రం తప్పు. జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం) వాడే రైతులంటే నాకు గౌరవం ఉంది, అందులో సూక్ష్మజీవులకు మేలు ఉంది. కానీ 200 లీటర్ల జీవామృతంలో ఉండే నత్రజనితో మొక్కజొన్న ఆకలి తీరదు. యూరియా పూర్తిగా ఆపి దాని మీదే ఆధారపడితే మొదటి ఏడాది పైరు పసుపు రంగుకు తిరిగి చొప్ప సగానికి పడిపోతుంది. చొప్ప తగ్గితే నేలకు తిరిగి చేరే కర్బనమూ తగ్గుతుంది.

మీలాంటి ఆతురతతో ఒక రైతు చేసిన పని చెబుతాను, మీరు చేయకుండా ఉండటానికి. కర్బనం పెంచాలని ఎకరానికి మూడు టన్నుల చొప్పను రోటావేటర్‌తో కలిపేసి, ఎనిమిదో రోజు మొక్కజొన్న విత్తాడు. ఇరవై రోజులకు చేనంతా లేత పసుపు. నాకు ఫోన్ చేసి ‘సార్, చొప్పలో విషం ఉందా’ అన్నాడు. విషం లేదు. టన్ను చొప్పలో 400 కిలోల కర్బనం ఉంటే నత్రజని 6–7 కిలోలే. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు 13 కిలోల దాకా కావాలి. తక్కువ పడ్డది నేలలోంచి లాక్కుంటాయి, పైరు నోటి దగ్గరిది కూడా. మూడు టన్నులంటే దాదాపు 20 కిలోలు అప్పుగా పోయాయి. వెంటనే ఒక బస్తా యూరియా పైపాటుగా వేయించాను, రెండు వారాల్లో తేరుకుంది. ఆ అప్పు తర్వాత తిరిగి వస్తుంది, రెండో పంటకు కనిపిస్తుంది. అందుకే చొప్ప కలిపితే విత్తడానికి కనీసం నెల గడువు ఇవ్వండి, కలిపేటప్పుడే ఎకరానికి 15–20 కిలోల యూరియా చల్లండి. లేదా కలపకుండా సాళ్ల మధ్య పైనే పరవండి. నాకు రెండోదే ఇష్టం.

మీ 4 ఎకరాలకు నేనైతే ఏం చేస్తానో చెబుతాను.

యూరియా తీరు ముందు మార్చండి. 45 కిలోల బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. 5 బస్తాలు, డీఏపీ కలిపితే 112 కిలోలు. పైరు తీసుకునేది అందులో సగం. మిగతాది ఆవిరైపోతోంది, వరదలో పోతోంది, కిందికి దిగిపోతోంది. 4 బస్తాలు చాలు. ఒకటి విత్తేటప్పుడు, ఒకటిన్నర మోకాలి ఎత్తులో అంటే 30–35 రోజులకు, ఒకటిన్నర జల్లు తీసే ముందు 50–55 రోజులకు. పొడి నేల మీద చల్లి వాన కోసం ఎదురు చూడొద్దు. తడి మీద సాలు పక్కన వేసి వెంటనే గుంటుక తోలి మట్టి కప్పండి. భయముంటే నాలుగు సాళ్లు వదిలి వాటికి పాత లెక్కనే 5 బస్తాల మోతాదు వేయండి. కోతప్పుడు ఆ నాలుగు సాళ్ల కంకులు, పక్క నాలుగు సాళ్ల కంకులు వేరువేరుగా తూచండి. నా మాట కంటే మీ కాటా మాటను నమ్మండి.

వేరుశనగకు యూరియా పైపాటు అక్కర్లేదు. నత్రజని ఎక్కువైతే వేళ్ల మీద బుడిపెలు కట్టడం తగ్గుతుంది. తీగ మొత్తం పీకి పశువులకు వేస్తారు కాబట్టి ఆ పెంట అయినా అదే పొలానికి తిరిగి చేరేలా చూడండి.

మొక్కజొన్నలో కందిని కలపండి, నాలుగు సాళ్లకు ఒకటైనా సరే. మొక్కజొన్న కోశాక జనవరి దాకా నేల మీద ఒక పైరు నిలుస్తుంది, ఆకు రాలుతుంది, వేరు లోతుకు పోతుంది. బోరు లేని రెండెకరాల్లో ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం. గట్ల మీద గ్లైరిసీడియా (ఎరువుకు ఆకు ఇచ్చే చెట్టు) కొమ్మలు నాటండి, రెండో ఏటి నుంచి రొట్ట కోసి సాళ్ల మధ్య వేయొచ్చు.

పచ్చిరొట్టకు, అంటే పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నే పైరుకు, జీలుగ, జనుము మంచివే. 45 రోజుల జనుము కలియదున్నితే ఎకరానికి 25 కిలోల దాకా నత్రజని వస్తుంది. ఒక బస్తా యూరియా పైనే. కానీ వానాధారంలో జూన్‌లో పచ్చిరొట్ట వేస్తే మొక్కజొన్న అదును పోతుంది. మీకు బోరు ఉన్న రెండెకరాల్లో, ఏటా ఒక ఎకరం చొప్పున మే రెండో వారంలో రెండు తడులతో మొలిపించండి. నీళ్లు చాలకపోతే మొక్కజొన్న సాళ్ల మధ్య జనుము చల్లి 30 రోజులకు కోసి అక్కడే పరవండి.

పెంట, చెరువు మట్టి కూడా అంతే. నాలుగెకరాలకూ పలుచగా చల్లకుండా ఏటా ఒక ఎకరానికి గట్టిగా వేయండి. ట్రాక్టర్ ట్రాలీకి రెండు టన్నుల దాకా పడుతుంది, అందులో నత్రజని 10 కిలోలు. ఎకరానికి 4 ట్రాలీలు. చల్కాకు చెరువు పూడిక మట్టి ఇంకా విలువైనది, ఎందుకంటే అందులో బంకమన్ను ఉంటుంది, కర్బనాన్ని పట్టి ఉంచేది అదే. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైన 2015 తర్వాత పూడిక తోలుకున్న చేలు నేను పదేపదే చూశాను, పెచ్చు కట్టడం వాటిలో స్పష్టంగా తగ్గింది. గొర్రెల మందను రెండు మూడు రాత్రులు కట్టించుకునే వీలుంటే వదులుకోవద్దు.

నా సొంత రెండెకరాల చల్కాలో 2010లో 0.31 ఉండేది. కంది, పూడిక మట్టి, చొప్ప పరవడం, ఇంతే చేశాను. 2021లో 0.46 వచ్చింది. యూరియా నాలుగు బస్తాల నుంచి మూడుకు తగ్గించాను, ఇంకా తగ్గిస్తే కంకి చివర గింజ పట్టడం లేదు. అక్కడే ఆపాను.

చివరగా కార్డు గురించి. 168 అన్నది హెక్టారుకు, ఎకరానికి కాదు. అది ఈ పంటకు అందే నత్రజనీ కాదు, మోతాదు నిర్ణయించడానికి ఒక సూచిక. 280 లోపు ఉంటే తక్కువ అంటారు. కర్బనం పరీక్షలో ఒక గ్రాము మట్టికి పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి అరగంట ఆగి, ఊదారంగు ఆకుపచ్చకు తిరిగే దాకా చుక్క చుక్కగా కొలుస్తాం. ఆ గ్రాములో చిన్న వేరు ముక్క ఒక్కటి పడినా అంకె పెరుగుతుంది. ఒకసారి ఒక రైతు 0.34 నుంచి ఒక్క ఏడాదిలో 0.61కి పెరిగిందని సంతోషంగా కార్డు చూపించాడు. ఆ రెండో నమూనా పెంట కుప్ప పోసిన చోట తీసిందని అడిగితే తెలిసింది. మీరు ఏటా చేయించొద్దు, మూడేళ్లకోసారి చాలు. ఏప్రిల్‌లో, ఏ ఎరువూ వేయకముందు, అవే పది చోట్ల, అదే 15 సెంటీమీటర్ల లోతులో, పైచెత్త పక్కకు తోసి తీయండి. అదే ల్యాబుకు ఇవ్వండి. 0.05 లోపు తేడాను లెక్కలోకి తీసుకోవద్దు.

బోరు రోజుకు ఎన్ని గంటలు పోస్తోంది, గుప్పెడు తడి మట్టిని పిసికితే ఉండ నిలుస్తుందా లేక రాలిపోతుందా, ఈ రెండూ రాయండి. పచ్చిరొట్ట ఏ ఎకరం నుంచి మొదలుపెట్టాలో, పూడిక మట్టి ఎన్ని ట్రాలీలు కావాలో అప్పుడు చెబుతాను.